ఎఱ్ఱ జీనువాయి చరిత్ర

చిత్తూరునుండి పలమనేరు పోవు దారిలో, మొగిలి కనుమ ఎక్కుటకు ముందు వచ్చు ఊరు బంగారుపాళ్యము. అచ్చటి చెఱకు తోటలు, మామిడి తోపులు అందఱును ఎఱిగినవే. పొలమునకును పొలమునకును నడుమనున్న గట్టుపై, ఈ సీమవారి మాటలో గెనిమపై, మొలచు గడ్డి మాత్రము ఎవరి లెక్కలోను చేరదు. పశువుల మేతకు తప్ప దానికి వెల లేదు. ఇట్టి గడ్డి గింజలను నమ్ముకొని బ్రదుకు పక్షి యొకటి మన దేశమున కలదు. దాని పేరు మూడు శతాబ్దములకు పూర్వమే ఐరోపా గ్రంథముల కెక్కినది. దాని సంతతి సముద్రములు దాటి దీవులలో కాపురము పెట్టినది. అదియే ఎఱ్ఱ జీనువాయి. హిందీవారు దీనిని లాల్ మునియా అందురు.

ఈ పక్షి పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, పిచ్చుకకంటె చిన్నది. ముక్కు పొట్టిగా, మొదట లావుగా నుండి గడ్డిగింజల పొట్టు ఒలుచుట కనువుగా నుండును. గింజలే దీని ముఖ్యాహారము; చెదలవంటి పురుగులు దొరకినపుడు వానిని కూడ తినును. గుంపులుగా తిరుగుచు, సన్నని గొంతుతో ఒకదాని నొకటి పిలుచుకొనుచుండును. గూడు కట్టు కాలమున మగపక్షి యొడలు ఎఱ్ఱబడి, దానిపై ముత్యములు చల్లినట్లు తెల్లని చుక్కలు తేలును. ఆ కాలము గడచినంతనే మగపక్షి ఈ వేషమును విడిచి, ఆడపక్షివలె మట్టిరంగు దాల్చును. జీనువాయిల కుటుంబములో ఋతువునుబట్టి ఇట్లు వేషము మార్చుట మఱియే జాతియందును కానరాదు.

ఆ ఋతువును నిర్ణయించునది వాన. వానలు కురిసి గడ్డి ఏపుగా పెరిగి, గింజ పాలు పట్టు వేళకు ఈ పక్షి జత కట్టును. గడ్డిపోచలతోనే బంతివంటి గూడల్లి, ప్రక్కన ద్వార ముంచి, నేలకు కొంచెము ఎత్తున గడ్డిలోనో పొదలోనో దాచును. చెఱకు తోటలో గూడు కట్టుటయు కలదు. సామాన్యముగా 4 మొదలు 6 వఱకు తెల్లని గ్రుడ్లు పెట్టును. తిండియు గడ్డియే, ఇల్లును గడ్డియే.

ఈ ఎఱుపే దానికి చెఱ తెచ్చినది. 17వ శతాబ్దమున మన దేశములో సంచరించిన ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్రయర్ తన యాత్రాగ్రంథమును 1698లో ప్రకటించెను. అహమ్మదాబాదునుండి వచ్చు చిన్న చుక్కల పిట్టలను గూర్చి అందులో చెప్పెను. ఒక పంజరమున ఏబది పిట్టల నుంచెదరనియు, ఒకటి పాట ఎత్తుకొనగా తక్కినవి అందుకొనుననియు అతని వర్ణనము. అహమ్మదాబాదు అను పేరు విదేశీయుల నోట నలిగి నలిగి ‘అవడవట్’ అయి, తుదకు పక్షికే పేరైనది. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లినేయసు ఈ జాతికి ‘అమండవ’ అని నామకరణము చేసెను. 1836లో ఎడ్వర్డు బ్లైత్ ఆ మాటనే ప్రజాతి నామముగా గ్రహించెను. నేడు దీని శాస్త్రీయనామము ‘అమండవ అమండవ’. ఆ నగరము ఈ పక్షికి పుట్టినిల్లు కాదు, అమ్ముడుపోయిన సంత. పెరిగిన పొలము పేరు మఱుగున పడి, సంత పేరే శాస్త్రమున నిలిచినది.

తెలుగు పేరునకును ఒక చరిత్ర కలదు. చెన్నపట్టణపు కొలువులో వైద్యుడుగా నుండిన టి. సి. జెర్డన్ నెల్లూరులో పనిచేసిన కాలమున, యానాదుల వలన ఆ ప్రాంతపు జీవజాతుల సంగతులు తెలిసికొనెను. 1862 మొదలు 1864 వఱకు వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథమున, ఇతర భాషల పేర్ల సరసన ‘జినువాయి’ అను తెలుగు మాటను ఆంగ్ల లిపిలో అచ్చు వేయించెను. పంజరముతోడి పేరు ఒకటి, పొలముతోడి పేరు ఒకటి. రెండును ఆ పుటలో కలిసికొన్నవి.

ఓడలపై పోయిన పంజరములనుండి తప్పించుకొన్నవియు, విడువబడినవియు క్రొత్త దేశములలో వంశము నిలుపుకొన్నవి. స్పెయిను, పోర్చుగలు, ఈజిప్టు, హవాయి దీవులు, ఫిజీ దీవులు వానిలో కొన్ని. ఫిజీ మాట వినగానే చిత్తూరు సీమవారికి వేఱొక చరిత్ర తలపునకు రావలెను. 1903 మొదలు 1916 వఱకు చెన్నపట్టణపు రేవునుండి తెలుగు, తమిళ కూలీలు ఐదేండ్ల ఒడంబడికపై అచ్చటి చెఱకు తోటలకు పోయిరి. ఉత్తరార్కాటు జిల్లానుండి పోయినవారు అనేకులు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు బంగారుపాళ్యము ఆ జిల్లాలోనిదే. మనుష్యుల కష్టమును పక్షి కథతో తూచరాదు. అయినను, ఈ నేలనుండి పోయినవారి బిడ్డలు నేటికిని ఆ దీవులలో ఈ పిట్ట కూత వినగలరనుట మఱవరాని సంగతి.

పంజరపు కథకు ఇటీవలనే అడ్డు పడినది. 1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1990–91లో దేశీయ పక్షుల వ్యాపారము నిషేధింపబడినది. ఐరోపా సమాజము వన్యపక్షుల దిగుమతిని 2005లో తాత్కాలికముగాను, 2007లో శాశ్వతముగాను నిలిపివేసినది. దొంగచాటు అమ్మకములు పూర్తిగా ఆగలేదు. అయినను, ఎఱ్ఱ జీనువాయిని పట్టుట, అమ్ముట నేడు నేరమని చెప్పుటకు చట్టము కలదు. ముచ్చటకై పెంచినను ఈ పక్షి కొన్నియెడల చెఱలో ఎఱుపు కోల్పోయి నల్లబారునని పెంచినవారే ఎఱుగుదురు.

చట్టము పంజరపు తలుపు మూయగలదు; గడ్డిని మొలిపింపలేదు. లోకము మొత్తము మీద ఎఱ్ఱ జీనువాయి అంతరించు జాతుల పట్టికలో లేదు. కాని ఒక ఊరి పొలములనుండి పక్షి తొలగిపోవుటకు లోకమంతటను తొలగిపోనక్కఱలేదు. గట్టు సన్నగిల్లినను, కలుపుమందు గట్టుపైకి ప్రాకినను, తోపు క్రింది నేలను ఏడాది పొడవునను గడ్డి లేకుండ దున్నినను, గింజయు గూడును ఒక్కసారిగా పోవును. పట్టువాడు లేకయే పక్షి కనబడకుండ పోవును.

రైతునకు సెంటు భూమియు విలువైనదే. పక్షికొఱకు పైరు వదలుకొమ్మనుట న్యాయము కాదు. అందఱును చేయదగినది చిన్న పని. వానకాలము వెళ్లు వేళ గట్టుగడ్డిని ఒకేసారి కోయక, ఒక వైపు కోసి వేఱొక వైపు గింజ రాలువఱకు ఉంచవచ్చును. ఎండిన గడ్డికి నిప్పు పెట్టక పశువులకు మేపవచ్చును. మందు చల్లువారు గట్టును విడిచి చల్లవచ్చును. వీనివలన గట్టు కోసికొనిపోదు. పశువుకు మేతయు తప్పదు.

మా శ్రోతలలో పల్లెలయందున్నవారు వానలు వెలిసిన పిదప ఒక ఉదయమున గెనిమవైపు చూచెదరుగాక. గింజ బరువునకు వంగిన గడ్డిపోచపై ఎఱ్ఱని పిట్ట యొకటి వ్రాలినయెడల, దాని పేరు జీనువాయి యని ఇంటి పిల్లలకు చెప్పవలెను.