పదో వంతు సారథ్

సంఘం స్వర్ణోత్సవ ఎగ్జిబిషన్‌లో ‘సైన్యంలో మనవాళ్లు’ అని ఒక బల్ల పెడదామని కమిటీ నిర్ణయించినప్పుడు, ఫొటోలూ మెడల్సూ వస్తాయి, అద్దం కింద పేర్చేస్తే సరిపోతుందనుకున్నాం. వచ్చాయి కూడా. రానిది మా 1983 బ్యాచ్ మిత్రుడొకడి దగ్గర్నుంచే. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. పదిహేడేళ్లు మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీలో బండి నడిపాడు. వచ్చాక రసాల తోట చూసుకుంటున్నాడు. ఏదైనా ఒక్క ఫొటో ఇవ్వరా అంటే, బండితో దిగిన ఫొటో ఒక్కటీ లేదన్నాడు.

“నేను నడిపిందేంటో మా ఇంట్లోవాళ్లకే తెలీదురా. ట్రాక్టర్‌కి పెద్దన్న అనుకుంటారు” అన్నాడు నవ్వుతూ.

నేను సోషల్ టీచర్ని. చెక్కపని సరదా. ఆ నవ్వు చూశాక, ఆ బండిని కొలతల ప్రకారం తయారు చేద్దామనిపించింది. బండితోపాటు అందులో కూర్చునే మనుషుల్ని కూడా. అందుకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో తెలుసుకున్న చరిత్రే ఈ వ్యాసం.

ఆ బండి పేరు సారథ్. ఇంగ్లీషు అక్షరాల్లో చదివి చాలాకాలం ‘శరత్’ అనుకున్నాను. ఆశ్వయుజ కార్తీకాలకీ యుద్ధానికీ ఏమిటి సంబంధం అని కూడా ఆలోచించాను. రథం అన్న మాట మీద పెట్టిన పేరది. విజయరథం అని అర్థం చెబుతారు. పుట్టుకతో అది సోవియట్ బండి, అసలు పేరు బీఎంపీ-2. మన దేశంలో తయారయ్యేది మాత్రం తెలుగునేల మీదే. హైదరాబాదుకు పడమర, అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో 1984లో ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. 1987లో అక్కడ మొదటి బళ్లు తయారయ్యాయి. మొదట్లో సోవియట్ నుంచి వచ్చిన భాగాలను బిగించారు, తర్వాత ఆ భాగాలను ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. 2021లో ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు అది ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో చేరింది. ఊరి పేరులో ఎద్దు, బండి పేరులో రథం. ఎవరూ కావాలని కలిపింది కాదు, కుదిరిందంతే.

ట్యాంకుకూ దీనికీ తేడా ఉంది. ట్యాంకు ఫిరంగి కోసం పుట్టింది. సారథ్ కాల్బలం కోసం పుట్టింది. సిపాయిలను ఉక్కు పెట్టెలో కూర్చోబెట్టి, ట్యాంకులతో సమానంగా పరుగెత్తించి, అవసరమైనచోట దింపి, వెనక నుంచి తన 30 మిల్లీమీటర్ల తుపాకితో కాపు కాస్తుంది. బరువు 14 టన్నుల పైచిలుకు. రోడ్డు మీద గంటకు 65 కిలోమీటర్లు పోతుంది. నీళ్లలోనూ ఈదుతుంది, గంటకు ఏడు కిలోమీటర్లు. అందుకే ముందు భాగం పడవలా సూదిగా ఉంటుంది. మన సైన్యంలో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ రెజిమెంట్ 1979లో ఏర్పడింది. దాని వెనక ఉన్న ఆలోచన ఎక్కువగా జనరల్ సుందర్జీది. వేర్వేరు పాత రెజిమెంట్ల బెటాలియన్లను తెచ్చి కలిపారు. మొదటి బెటాలియన్ అంతకుముందు మద్రాస్ రెజిమెంట్‌లో మొదటి బెటాలియన్. అహ్మద్‌నగర్‌లో శిక్షణ. మావాడు 1987లో అక్కడికే వెళ్లాడు, నూజివీడు దాటి విజయవాడ అవతలికి పోవడం అదే మొదటిసారి.

ఇక సైజు సంగతి. ప్లాస్టిక్ మోడళ్లు చేసేవాళ్ల లోకంలో సైనిక వాహనాలకు ముప్పై అయిదో వంతు అన్నది దాదాపు శాసనం. ఎందుకు ముప్పై అయిదు? లెక్కల్లో అంతకంటే వికారమైన అంకె దొరకదు. జపాన్‌లో టమియా కంపెనీ 1960ల మొదట్లో జర్మన్ పాంథర్ ట్యాంకు మోడల్ చేసేటప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలని సైజు నిర్ణయించింది. తర్వాత కొలిచి చూస్తే అది ముప్పై అయిదో వంతు దగ్గర తేలింది. అదే ప్రపంచానికి అలవాటయిపోయింది. ఆ కంపెనీ 1946లో కలప వ్యాపారంగా మొదలైంది, మొదటి మోడళ్లు కూడా చెక్కవే. ఈ సంగతి తెలిశాక నా చెక్కపని మీద నాకు కాస్త గౌరవం పెరిగింది.

ముప్పై అయిదో వంతులో సారథ్ జానెడు ఉంటుంది, మనిషి అయిదు సెంటీమీటర్లు. బల్ల మీద పెడితే ముందు వరుసవాళ్లకే కనిపిస్తుంది. అందుకని పదో వంతు తీసుకున్నాం. అసలు బండి పొడవు 6.735 మీటర్లు, వెడల్పు 3.15, ఎత్తు 2.45. మా బండి పొడవు 67 సెంటీమీటర్లు, వెడల్పు 31న్నర, ఎత్తు 24న్నర. మనుషులు 17 సెంటీమీటర్లు. చుక్క జరిపితే చాలు, లెక్క తప్పదు. లెక్కల మాస్టారు ఉండుంటే సంతోషించేవారు.

బండికి ప్లైవుడ్ వాడాం, అంచులు పదునుగా రావాలి కాబట్టి. మనుషులకు మాత్రం తెల్ల పొణికి. మైలవరం మీదుగా కొండపల్లి వెళ్లి ఒక బొమ్మల కుటుంబం దగ్గర తెచ్చుకున్నాం. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు, ఉలి పెడితే జున్నులా తెగుతుంది. తేమ పోయేలా కాచి, కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించడం, సుద్ద పూసి రంగులేయడం అక్కడి పద్ధతి. ఆ ఇంటి పెద్దాయన మాకు మక్కు కలపడం చూపించి, మా మొదటి బొమ్మను తిప్పితిప్పి చూసి, “వీడు కూర్చోలేదు బాబూ, పడిపోతున్నాడు” అన్నారు. నిజమే. నడుము దగ్గర కోణం తప్పింది.

వాళ్ల షెల్ఫులో అంబారీ ఏనుగు ఉంది. మనలో చాలామంది ఇళ్లల్లో సంక్రాంతి కొలువులో ఉండే బొమ్మే. మా ఇంట్లోదీ తీసి చూశాను. మెడ మీద మావటి, పైన అంబారీలో రాజు. ఆలోచిస్తే అదీ సైనిక వాహనమే, సిబ్బందితో సహా. కానీ మా ఇంటి ఏనుగు మీద రాజు లేచి నిలబడితే ఏనుగంత ఉంటాడు, మావటి అతని మోకాలి దాకా వస్తాడు. బొమ్మలో మనిషి కొలత ఒడ్డూ పొడుగూ కాదు, హోదా. ఇది తప్పని నేననను, బొమ్మ అందం అక్కడే ఉంది. కాకపోతే కొలతల మోడల్‌లో అది చెల్లదు. పదో వంతు అన్నాక కమాండరైనా పదో వంతే, డ్రైవరైనా పదో వంతే.

ఈ సందర్భంలోనే దైమాబాద్ గురించి చదివాను. 1974లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లా దైమాబాద్‌లో ఒక రైతు చెట్టు వేరు తవ్వుతుంటే కంచు బొమ్మలు బయటపడ్డాయి. అందులో ఒకటి రెండెడ్ల రథం, దాని పొడవు 45 సెంటీమీటర్లు. రథం మీద నిలబడి తోలుతున్న మనిషి ఎత్తు 16 సెంటీమీటర్లు. సింధు నాగరికత చివరి దశకు చెందినవని ఎక్కువమంది పండితులు అంటారు, కాలం మీద వాదాలు ఉన్నాయి. అది యుద్ధరథం అని చెప్పడానికేమీ లేదు. నన్ను ఆపేసింది ఆ పదహారు సెంటీమీటర్లు. ఇంచుమించు మేం ఎంచుకున్న కొలతే. పైగా అందులో రాజు లేడు, తోలేవాడొక్కడే ఉన్నాడు. మావాడు బండి తోలడం నేర్చుకున్నదీ ఆ జిల్లాలోనే. చెబితే, “మాకు చూపించలేదే!” అన్నాడు.

బయటి భాగం కష్టమే కానీ దానికి దారి ఉంది. ఒక్కో పక్క ఆరు చక్రాలు, పైన మూడు చిన్న రోలర్లు, చైన్‌ను లాగే స్ప్రాకెట్ ముందు వైపు. చక్రాలు లేతు మీద తీయించాం. చైన్‌కి పాత సైకిల్ ట్యూబు పట్టీ మీద చెక్క ముక్కలు అతికించాం, అసలు బండికి చైన్ వెడల్పు 30 సెంటీమీటర్లు, మాది మూడు. అసలు చిక్కంతా లోపలి మనుషులతోనే వచ్చింది.

నేను ఒక పాత డ్రాయింగ్ చూసి, ఎడమ ముందు డ్రైవర్నీ, అతని వెనక కమాండర్నీ, టరెట్‌లో గన్నర్ని ఒక్కణ్నే పెట్టి, పైకప్పు తీసి గర్వంగా చూపించాను. మావాడు ఒక్క చూపు చూశాడు.

“ఏరా, కమాండర్ని కిందికి దింపేశావేంటి?”

నేను చూసిన డ్రాయింగ్ బీఎంపీ-1ది. మన సైన్యానికి 1970ల్లో ముందు వచ్చింది అదే. అందులో 73 మిల్లీమీటర్ల తుపాకి, టరెట్‌లో ఒక్కడే మనిషి, కమాండర్ డ్రైవర్ వెనక. అక్కడ కూర్చుంటే టరెట్ అడ్డమొచ్చి అన్నివైపులా కనిపించదు. చూడాల్సినవాడికే చూపు లేకపోతే ఎలా? అందుకే బీఎంపీ-2లో టరెట్‌ను వెడల్పు చేసి కమాండర్ని పైకి తెచ్చారు. గన్నర్ ఎడమ, కమాండర్ కుడి. తుపాకిని కూడా మార్చారు, అది 75 డిగ్రీల దాకా పైకి లేస్తుంది. కొండల మీది శత్రువుకు అది సమాధానం. ఒక బొమ్మను ఒక సీటు నుంచి మరో సీటుకు మార్చడం నా వరకు మూడు వారాల పని, ఎందుకంటే టరెట్ మళ్లీ చేయాల్సి వచ్చింది. సైన్యాలకు అది పదేళ్ల పైచిలుకు పాఠం.

“మరి నా వెనక ఎవరు?” అని నేనే అడిగాను.

“ఒక జవాను. మొత్తం ఏడుగురు కదా, వెనక ఆరుగురు పడతారు. ఏడోవాడు నా వెనక. వాడి బూటు నా సీటుకు తగులుతూనే ఉంటుంది. వాడి గురించి ఎవడూ అడగడు.”

వెనక గదిలో ఆరుగురు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, వీపులు కలిపి బయటికి మొహం పెట్టి కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు తుపాకి పెట్టే రంధ్రం, చూడ్డానికి పెరిస్కోప్. రెండు వరుసల మధ్య, వాళ్ల వీపుల వెనక ఉండేది డీజిల్ ట్యాంకు. వాళ్లు దిగే వెనక తలుపుల్లో కూడా డీజిలే. డ్రైవర్ కుడి చేతివైపు, పల్చటి గోడ అవతల 300 హార్స్‌పవర్ ఇంజను. మావాడితో ఎడమ పక్క కూర్చుని మాట్లాడాలని మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు, కారణం ఇప్పుడు తెలిసింది. కుడి చెవి సరిగ్గా వినపడదు.

తుపాకుల దగ్గర ఇంకో తప్పు జరిగింది. సాయం చేస్తున్న ఇంటర్ కుర్రాడు ఫోన్‌లో బొమ్మ చూసి ఇన్సాస్ రైఫిళ్లు చక్కగా చెక్కాడు. మేం చేస్తున్నది 1987 నాటి బండి, ఇన్సాస్ సైన్యం చేతికి వచ్చింది 1990ల్లో. పిల్లవాడి మొహం చిన్నబోయినా తీసేయక తప్పలేదు. మావాడి మాట మీద ఎస్ఎల్ఆర్‌లు చెక్కాం. అసలుది మీటరు దాటి పొడవుంటుంది, మా కొలతలో పదకొండు సెంటీమీటర్ల పైన. అవి చేతికిచ్చి ఆరుగుర్నీ లోపల కూర్చోబెట్టబోతే పట్టలేదు. ఒకడి రైఫిల్ పక్కవాడి మోకాలికి తగిలింది, ఇంకొకడి తల పైకప్పును ఆనింది. బొమ్మలు పెద్దవయ్యాయేమోనని మళ్లీ కొలిచాను. సరిగ్గానే ఉన్నాయి.

“అంతే. మాకూ అలాగే ఉండేది” అన్నాడు మావాడు.

బండి పూర్తయ్యే ముందు వాళ్లావిడ వచ్చింది, మామిడి తాండ్ర పట్టుకుని. పైకప్పు తీసి చూపించాం. చాలాసేపు ఒంగుని చూసింది. తుపాకి గురించి అడగలేదు, వేగం గురించి అడగలేదు. డ్రైవర్ బొమ్మను వేలితో తాకి, “మూత వేసుకుంటే బయటికి ఎలా కనపడుద్ది?” అంది. ఎదురుగా చిన్న పెరిస్కోప్‌లు ఉంటాయి, వాటిలోంచే అన్నాడు. “పదిహేడేళ్లూ అందులోంచేనా?” అంది. వాడేమీ అనలేదు. ఆమె వెనక కూర్చున్న ఏడోవాణ్ని చూపించి, “ఈ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?” అని అడిగింది. ఎప్పుడూ ఒకడే కాదని, మారుతుంటారని చెబుతూ మావాడు నాలుగు పేర్లు చెప్పాడు. ఆ పేర్లు ఆమె మొదటిసారి వింటున్నట్టుంది.

రంగు దగ్గర పెద్దగా గొడవ లేదు. ఐక్యరాజ్యసమితి పని మీద కాంగో వెళ్లిన మన బళ్లు తెల్లగా ఉంటాయి, ఎగ్జిబిషన్‌లో అదైతే మెరుస్తుందని ఒకరన్నారు. మావాడు నడిపింది ఆకుపచ్చది. తోటలోంచి ముదురు మామిడాకు ఒకటి తెచ్చి డబ్బా పక్కన పెట్టాడు, అందులో కాస్త నలుపు కలిపితే సరిపోయింది.

గొడవ నెంబరు దగ్గర వచ్చింది. మన సైనిక వాహనాల నెంబరులో పైకి చూసే బాణం గుర్తు ఒకటి, దాని తర్వాత బండి సైన్యంలోకి వచ్చిన సంవత్సరం రెండంకెల్లో ఉంటాయి. తను నడిపిన బండి నెంబరు మావాడు చెప్పలేదు, చెప్పనన్నాడు. వాట్సాప్ గ్రూపులో అందరూ మన బ్యాచ్ కదా, 83 వేయండి అన్నారు. ఇద్దరు దానికోసం అదనంగా చందా కూడా ఇస్తామన్నారు. 83లో ఎద్దుమైలారంలో ఫ్యాక్టరీయే లేదని నేను నాలుగు మెసేజ్‌లు పెట్టాను. ఎవరూ చదివినట్టు లేదు. చివరికి మావాడే బ్రష్ తీసుకుని బాణం గీసి పక్కన 87 రాశాడు. రంగు ఆరాక బండిని తిరగేసి, అడుగున, చైన్ల మధ్య, చిన్న అక్షరాల్లో 83 అని రాసి మళ్లీ బల్ల మీద నిలబెట్టాడు.