కంప్యూటర్‌లో తెలుగు అక్షరం – ప్రాథమిక అంశాలు

కంప్యూటర్ విద్య ప్రారంభించే విద్యార్థులకు తొలి రోజున సాధారణంగా మానిటర్, కీబోర్డు, మౌస్ వంటి భాగాల పేర్లు నేర్పుతారు. పేర్లు తెలియడం అవసరమే. అయితే యంత్రం తనలో ఏమి భద్రపరుస్తున్నదో తెలియనిదే అవి కంఠపాఠంగానే మిగిలిపోతాయి. ఈ సంగతి బోధించడానికి తెలుగు విద్యార్థికి 'క' అక్షరం చక్కని ఉదాహరణ.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి 0, 1 అనే రెండు స్థితులే. అటువంటి ఒక్కొక్క స్థితిని బిట్ అని, 8 బిట్ల సముదాయాన్ని బైట్ అని వ్యవహరిస్తారు. ఒక బైట్‌తో 256 విభిన్న విలువలను సూచించవచ్చు. అందువల్ల ప్రతి అక్షరానికి ఒక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్యనే యంత్రంలో భద్రపరుస్తారు. ఆంగ్లానికి 1963లో రూపొందిన ఆస్కీ ప్రమాణంలో ఉన్నవి 128 స్థానాలు మాత్రమే. భారతీయ లిపుల కొరకు ఇస్కీ ప్రమాణం 1991లో వెలువడింది. ప్రపంచ లిపులన్నింటినీ ఒకే పట్టికలో చేర్చే యూనికోడ్ తొలి సంచిక వచ్చినదీ ఆ సంవత్సరమే. అందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు స్థానాలు కేటాయించారు. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో 'క' మూడు బైట్లుగా నిక్షిప్తమవుతుంది.

'తెలుగు' అనే మాటలో మన కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. యంత్రం మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలుగా, 18 బైట్లుగా లెక్కిస్తుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి కూడా ఆరు సంకేతాలే. సెల్‌ఫోన్ సంక్షిప్త సందేశంలో ఆంగ్లమైతే 160 అక్షరాలు ఇముడుతాయి. తెలుగు అయితే గుణింతపు గుర్తులు, పొల్లులు, ఖాళీలతో కలిపి 70 సంకేతాలే. ఆ పరిమితి దాటిన సందేశం ముక్కలుగా వెళుతుంది. తుపాను హెచ్చరికల వంటివి రూపొందించే అధికారులు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

ఇక ఫాంట్ విషయం. ఫాంట్ అక్షరానికి ఆకృతిని మాత్రమే ఇస్తుంది. అక్షరం ఏదో నిర్ణయించేది సంఖ్య. యూనికోడ్ వాడుకలోకి రాక పూర్వం ముద్రణ అవసరాల కొరకు తయారైన అనేక తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షర భాగాలను ఉంచాయి. కాగితం మీద అచ్చు చక్కగానే వచ్చేది. అదే ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఆంగ్లాక్షరాలు, చిహ్నాలు దర్శనమిస్తాయి. ఫాంట్ ఉన్నప్పటికీ, యూనికోడ్‌లో టైపు చేసిన పదంతో వెదికితే ఆ ఫైలు దొరకదు. సమాచార హక్కు చట్టం, 2005 కింద పౌరుడు పాత ఉత్తర్వు కోరినపుడు సిబ్బంది ఒక్కొక్క ఫైలును తెరచి చదువుకోవలసి వచ్చేది ఇందువల్లనే. ఫాంట్ల అమరికలు వేర్వేరు గనుక ఒకదానికి పనిచేసే మార్పిడి సాధనం మరొకదానికి పనికిరాదు. మార్చిన తరువాత ప్రూఫు చూడటమూ తప్పదు. ముఖ్యంగా ఒత్తులు తారుమారయ్యే అవకాశం ఉంది. స్కాన్ చేసిన ప్రతి అయితే యంత్రం దృష్టిలో కేవలం చిత్రపటం.

తమ వద్దనున్న ఫైలు ఏ కోవకు చెందినదో తెలుసుకోవడం సులభం. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. తెలుగు తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడ్. ఆంగ్లాక్షరాలు, చిహ్నాలు కనిపిస్తే పాత ఫాంట్. అటువంటి ఫైలును మార్పిడి చేయునంతవరకు ఫాంట్‌తో సహా భద్రపరచాలి.