గోదావరి సీమలో గానకంఠము: పందిరి నుండి మైకు దాక

ఒకే సాయంకాలమున మనము రేడియోలో పద్యమును, హరికథను, కృతిని, లలితగీతమును వినుచుందుము. అన్నిటికిని సాధనము మానవకంఠ మొక్కటే. కాని ఒక్కొక్క గానపద్ధతి ఆ కంఠముచే ఒక్కొక్క విధమైన పని చేయించును. ఈ భేదము గోదావరి సీమలో ఎట్లు పెరిగినదో, అందుండి పాడువారు నేర్వదగిన దేమో మే మిచ్చట మనవి చేయుదుము.

1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి ప్రదర్శనము లిచ్చిరి. వారు వెడలిన పిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులుగారు విద్యార్థులచే తెలుగు నాటకము లాడించిరి. తరువాత చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి 'గయోపాఖ్యానము' వచ్చెను. కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు జంటగా రచించిన పాండవ నాటకముల పద్యములు పల్లెపల్లెకును ప్రాకినవి.

ఆ దినములలో మైకు లేదు. పందిరిలో చివర కూర్చున్న వానికిని పద్యము వినబడవలెను. హెచ్చు స్థాయిలో గొంతు బిగ్గరగా పలుకును, చెవికి తేటగా తగులును. కావున నటులు హార్మోనియముపై హెచ్చు శ్రుతి నెంచుకొనిరి. పద్యము ముగియగానే దీర్ఘమైన రాగము; సభవారు 'వన్స్ మోర్' అనిరా, మరల మొదటినుండి పద్యము.

ఈ భారమెంతయో లెక్కింపవచ్చును. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు కలవు. నాలుగు శ్రుతిలో పాడు పురుషుడు తారషడ్జమును పట్టినచో అవి సెకనుకు సుమారు 350 సార్లు ఒకదానితో నొకటి తాకును. పది సెకనులు నిలిపినచో 3,500 తాకిళ్లు. మెడ నరములు బిగించి అరచినపుడు ఈ తాకిడియే దెబ్బ యగును. తంత్రులు వాచును, కాలక్రమమున వానిపై కాయలు కాచును, గొంతు బొంగురుపోవును. దీనికి మందు పద్యములోనే యున్నది. అర్థము ననుసరించి విరిచి చదివినచో, విరుపు విరుపునకును ఊపిరి పీల్చుకొను వ్యవధి దొరకును. పొట్టనుండి వచ్చు ఊపిరి రాగమును మోసినపుడు గొంతు తేలికపడును.

హరికథకుని శ్రమ వేరు. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు. పాట, మాట, అభినయము ఒక్కనివే. అయినను పాట వెంట వచనము, వచనము వెంట పిట్టకథ వచ్చుటచే గొంతు ఒకే స్థాయిలో అలసిపోదు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తీర్చిదిద్దిన ఈ కళను నేర్పుటకు గౌతమీ తీరమునందలి కపిలేశ్వరపురమున 1973లో ఒక పాఠశాల వెలసినది.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. నిడదవోలున జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018), కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) అచ్చట పనిచేసిరి. మైకు ముందర లలితగీతమును మాటాడినంత మెల్లగా పాడవచ్చును. పందిరిలో వినబడక పోయెడి మంద్రస్వరమును ఇంటింటికి పంపవచ్చును. బాలమురళిగారి గొంతు మూడు స్థాయిలలో అరుపు లేక సంచరించుట శ్రోతలకు అనుభవమే.

కాని మైకు ఒక్కటే గొంతును కాపాడలేదు. చుట్టు చప్పుడు హెచ్చినచో మనిషి తనకు తెలియకయే గొంతు పెంచునని లొంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు 1911లో వివరించెను. వాద్యముల హోరులో తన పాట తనకు వినబడని గాయకుడు, మైకు చేత నుండియు అరచుచునే యుండును. అట్టిచోట వాద్యములను తగ్గింపుమని అడుగుటయే మేలు.

ఇంటిలో పాడు పిల్లలున్నవారికి మా మనవి ఇది. రేడియోలో వినిన శ్రుతినే పట్టుమని వారిని నిర్బంధింపకుడు; ఏ శ్రుతిలో మంద్రమును తారమును సుఖముగా పలుకునో అదియే వారి శ్రుతి. గొంతు మారు వయసు బాలురచే హెచ్చు స్థాయిలు బలవంతముగా పాడింపకుడు. పాడుటకు ముందు మెల్లని స్వరములతో గొంతు మేల్కొల్పవలెను; నీరు త్రాగుచుండవలెను. మూడు వారములు దాటియు బొంగురు తగ్గనిచో కషాయములతో కాలము గడపక వైద్యునికి చూపింపుడు. నాటి నటులకు పందిరి చివరి దాక గొంతు చేర్చుట తప్పలేదు. నేటి పిల్లలకు ఆ నిర్బంధము లేదు.