గుడిప్రక్క బడి

గుంటూరు జిల్లా పల్లెలలో కతోలిక గుడిప్రక్కనే ‘ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషను) బడి’ కానవచ్చుట తెలుగువారికి క్రొత్త గాదు. కాని ప్రతి విచారణకును (ఒక గుడికి చెందిన కతోలిక సమాజమునకును) ఒక బడి యుండితీరవలెనని శాసనముగనే విధించుకొన్నవారు అమెరికా కతోలికులు.

ఇటలీలో భర్తను గోల్పోయి, ఐదుగురు బిడ్డలతో మిగిలి, 1805లో కతోలిక మతమును స్వీకరించిన న్యూయార్కు వితంతువు ఎలిజబెత్ సీటన్, మేరీలాండులోని ఎమ్మిట్స్‌బర్గున 1810లో పేదబాలికలకై ఉచిత పాఠశాలను తెరచెను. అచటనే వసతిలో నుండి చదువుకొను సంపన్న బాలికల రుసుమే ఆ పేదల చదువునకు ఆధారమయ్యెను.

ఆ పిదప ఐర్లండునుండియు జర్మనీనుండియు వలసవచ్చిన కూలిజనము, ప్రభుత్వపు బడులలో ప్రొటెస్టంటుల బైబిలే చదివింపబడుట చూచి కలతజెందెను. 1844లో ఫిలడెల్ఫియాయందు ఈ వివాదమే అల్లరులుగా చెలరేగి, కతోలిక గుడులు దగ్ధమయ్యెను. 1852లో ఆ నగరమునకు మేత్రాణులైన (బిషప్పయిన) జాన్ న్యూమన్ తమ మేత్రాసనపు బడుల నన్నింటిని ఒక్క కట్టుబాటునకు దెచ్చిరి. తుదకు 1884లో బాల్టిమోరున సమావేశమైన మేత్రాణుల మహాసభ, గుడి యున్నచోటనెల్ల రెండేండ్లలో బడి వెలయవలెనని విధించెను. ఆ విధి నెరవేరినంతమట్టుకు నెరవేరినది రాజధనముచే గాదు. కూలివారి చిల్లరకాసులచేతను, తిండికి బట్టకు చాలునంత పుచ్చుకొని పాఠములు చెప్పిన మఠకన్యల శ్రమచేతను. 1960ల ఆరంభమునాటికి ఇంచుమించు 13,000 బడులలో 52 లక్షల పిల్లలు చదువుచుండిరి.

ఆ చదువు ఫలమెట్టిది? ఉన్నత పాఠశాలలను పరిశీలించి 1982లో జేమ్స్ కోల్మన్ బృందమును, 1993లో ఆంథొనీ బ్రైక్ మున్నగువారును ప్రకటించిన గ్రంథములు, కలవారి బిడ్డలకును లేనివారి బిడ్డలకును నడుమనుండు విద్యాంతరము కతోలిక పాఠశాలలలో తక్కువయని తెలిపినవి. బడి నేరి బిడ్డలను పంపు తలిదండ్రుల శ్రద్ధయే అందులకు హేతువని కొందరు పండితు లాక్షేపించిరి. బ్రైక్ చూపిన కారణము వేఱు: ఏ యింటివాడైనను అందఱకును అదే గణితము, అదే సాహిత్యము; ఉపాధ్యాయులకు పిల్లలతోడను వారి కుటుంబములతోడను నెలకొన్న పరిచయము. అందఱనుండియు వేఱై నిలిచిన బడియే అందఱకు సమానమైన చదువు చెప్పినదన్నమాట.

మఠకన్యలు తగ్గి, జీతములు పెరిగి, విచారణవాసులు నగరములు వీడిపోగా ఆ బడులు నేడు ఇంచుమించు 6,000 మాత్రమే. అయినను, ఐరిషు కూలివాడు తన బిడ్డ మతము చెడకుండుటకై పేర్చిన ఇటుకగోడల నడుమ, పలుచోట్ల కతోలికులు గాని నల్లజాతి బాలురు కూర్చుండి లెక్కలు చేసికొనుచున్నారు.