గుడి కన్నా ముందు గుండం

నా చిన్నప్పుడు అమావాస్య వచ్చిందంటే మా నాయనమ్మ ఝరాసంగం పోవాల్సిందే. జహీరాబాద్ నుంచి పెద్ద దూరమేం కాదు. బస్సులో ఒక సీట్లో తెలుగు, వెనక సీట్లో కన్నడం, కిటికీ పక్కన మరాఠీ, కండక్టరుతో మాత్రం అందరూ ఉర్దూ కలిసిన ఏదో ఒక భాష. బస్సు దిగీదిగగానే నేను గుళ్ళోకి ఉరకబోతే రెక్క పట్టుకుని ఆపేది. "ముందుగాల గుండానికి మొక్కురా. స్వామి ఏడికి పోతడు?"

ఈమధ్య ఆఫీసు మిత్రుడొకణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. వాడు కారు దిగుతూనే కోడ్ రివ్యూ మొదలెట్టాడు. "ఈ గుడి ఏ శతాబ్దం? ఎవరు కట్టారు? కాకతీయులా, చాళుక్యులా?" నేను వాణ్ణి గుడి వైపు కాకుండా గుండం వైపు తీసుకెళ్ళాను. నాకు తెలిసినంతలో అసలు కథంతా అక్కడే ఉంది మరి.

ముందు స్థలపురాణం చూద్దాం. బ్రహ్మ, విష్ణువుల్లో ఎవరు గొప్ప అన్న తగువు, ఆది అంతం లేని శివలింగం, పైకొస చూశానని బ్రహ్మ ఆడిన అబద్ధం, దానికి మొగలిపువ్వు చెప్పిన దొంగసాక్ష్యం.. ఇదంతా మీకు తెలిసిందే. ఆ శాపంతోనే మొగలిపువ్వు శివపూజకి దూరమైంది. మామూలుగా కథ అక్కడితో అయిపోతుంది. ఝరాసంగం వాళ్ళు మాత్రం తరవాయి భాగం చెబుతారు. బ్రహ్మ ఇక్కడి కేతకీ వనంలోనే తపస్సు చేసి తప్పు కడుక్కున్నాడట. శివుడు కరిగిపోయి ప్రత్యక్షమయ్యాడట. గుళ్ళో ఉన్న బాణలింగం బ్రహ్మ ప్రతిష్ఠే అంటారు. అందుకే స్వామి పేరు కేతకీ సంగమేశ్వరుడు, అందుకే శపించిన ఆ మొగలిపువ్వునే ఇక్కడ పూజలో వాడతారు. శిక్ష పడినవాడికి మళ్ళీ ఒక తలుపు తెరిచి ఉంచిన కథ ఇది. నాకు చాలా ఇష్టం.

ఇంకో కథ కుపేంద్ర రాజుది. ఒంటినిండా చర్మవ్యాధి, ఎందరు వైద్యులు చూసినా తగ్గలేదు. వేటకొచ్చి అడవిలో ఒక నీటిధార కనిపిస్తే ఒళ్ళు కడుక్కున్నాడు, జబ్బు పోయింది. ఆ తర్వాత స్వామి కల్లోకి వచ్చి గుడి కట్టమన్నాడు. ఆ ధార చోటే ఇప్పటి గుండం. వరుణ, సోమ, రుద్ర, ఇంద్ర.. ఇలా ఎనిమిది తీర్థాలు అందులో కలుస్తాయని దాన్ని అష్టతీర్థ అమృతగుండం అంటారు.

గమనించారా? రాజు కథలో ముందు నీళ్ళు దొరికాయి, తర్వాతే గుడి లేచింది. ఊరి పేరు కూడా అదే చెబుతుంది. ఝర అంటే ధార, సంగం అంటే కలయిక. పూజ వరసా అంతే, ముందు గుండానికి, ఆ తర్వాతే గర్భగుడికి. నాయనమ్మ రెక్క పట్టుకుని ఆపింది ఊరికే కాదన్నమాట!

ఇక్కడ ఒక్కసారి బీదర్ దాకా వెళ్ళొద్దాం. దూరమేం కాదు లెండి. అక్కడ ఝరణీ నరసింహుడున్నాడు. గుహ లోపల ఛాతీ లోతు నీళ్ళలో నడుచుకుంటూ పోయి దర్శనం చేసుకోవాలి. జలాసురుడనే రాక్షసుణ్ణి స్వామి చంపితే వాడే నీరై పారాడని కథ. అదే ఊళ్ళో గురుద్వారా ఉంది, పేరు నానక్ ఝీరా. గురునానక్ దక్షిణాది యాత్రలో ఇక్కడికొచ్చినప్పుడు నీటి కరువు చూసి, పాదుకతో రాయి జరిపితే ఊట పుట్టిందని సిక్కుల నమ్మకం. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కి మార్చాక, పర్షియా పద్ధతిలో నేల కింద సొరంగం తవ్వి నీళ్ళు నడిపించారు. దాన్ని కరేజ్ అంటారు. నౌబాద్ దగ్గర ఇప్పటికీ చూడొచ్చు.

ఝర, ఝరణి, ఝీరా! ఒకే మాట మూడు వేషాల్లో. ఎందుకంటే కింద నేల ఒకటే. బీదర్, జహీరాబాద్ ప్రాంతం దక్కను పీఠభూమి మీద ఎర్రరాయి కప్పిన ఎత్తునేల. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా నల్లరాయి అయింది. అది ఎండకీ వానకీ అరిగి పైన లేటరైట్‌గా మారింది. ఈ ఎర్రరాయి స్పాంజి లాంటిది, వాననీటిని పీల్చేస్తుంది. కింద బంకమట్టి పొర అడ్డం పడితే నీరు పక్కకి జరిగి, పల్లం దొరికినచోట ఊటై బయటికొస్తుంది. ఆ ఊట దగ్గర శైవులు శివుణ్ణి, వైష్ణవులు నరసింహుణ్ణి, సిక్కులు గురువు పాదాన్ని చూశారు. సుల్తాను ఇంజనీరు గడ్డపార తీశాడు. నా దృష్టిలో ఎవరూ తప్పు చెప్పలేదు. నీటి విలువ ఎవరి భాషలో వాళ్ళు చెప్పారు, అంతే.

మా మిత్రుడు నవ్వాడు. "మరి కాశీ నుంచి ఒక ధార భూమి లోపల్నుంచి ఇక్కడికొస్తుందంటారు కదా?" నిజమే, అందుకే ఈ క్షేత్రాన్ని దక్షిణకాశీ అంటారు. నేను భూగర్భశాస్త్రంతో దాన్ని నిరూపించబోను. కానీ రైలు ఛార్జీ లేని మనిషికి గంగ ఇంటి దగ్గరికే వచ్చిందని చెప్పిన ఊహలో దయ ఉంది. మా నాయనమ్మ కాశీ చూడకుండానే పోయింది. చూడలేదన్న దిగులు మాత్రం ఆవిడకి లేదు.

ఇంకో సంగతి. 1956 నవంబరు 1కి ముందు జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఉండేది. భాషల లెక్కన రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదర్ మైసూరుకీ, మేము ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకీ వెళ్ళాం. 2014లో తెలంగాణ, 2016లో సంగారెడ్డి జిల్లా. ఒక్క తాలూకా ఎన్ని అడ్రసులు మార్చిందో చూడండి! గుండం మాత్రం మారలేదు. శివరాత్రి జాతరకి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి ఇప్పటికీ జనం వస్తారు. సరిహద్దు పైన గీశారు, నీళ్ళు కింద పారతాయి.

అసలు నా బాధ ఇప్పుడు చెబుతాను. మా చేలో మూడు బోర్లు వేశాం, రెండు ఎండిపోయాయి. మూడోది ఇంకా లోతుకి పోయింది. స్పాంజిలోకి దిగే నీటికన్నా మనం పీల్చేది ఎక్కువైతే ఏ ఊటైనా ఎన్నాళ్ళుంటుంది? గుడికి కొత్త మంటపం కావాలంటే చందాలు ఇట్టే వస్తాయి. చుట్టుపక్కల చెరువు పూడిక తియ్యాలన్నా, వాననీటిని నిలబెట్టాలన్నా ఎవరూ రసీదు పుస్తకం పట్టుకుని తిరగరు. నా అభిప్రాయంలో ఝరాసంగంలో అన్నిటికన్నా పాత శిల్పం ఆ నీరే. గోపురం పడితే మళ్ళీ కట్టుకోవచ్చు. ఝర ఆగిపోతే ఏ స్థపతీ చెక్కలేడు.

తిరిగి వచ్చేటప్పుడు మిత్రుడు శతాబ్దం సంగతి మళ్ళీ ఎత్తలేదు. గుండం మెట్ల దగ్గర ఆగి, చెప్పులు విడిచి, ముందు నీళ్ళకి దండం పెట్టాడు. నాయనమ్మ చూసుంటే మురిసిపోయేది.