బడిలో మధ్యాహ్న భోజనం: గోదాము నుంచి పళ్లెం దాకా

పంతొమ్మిదో శతాబ్దం చివర తెలుగు జిల్లాల్లో హైస్కూలు ఉన్న ఊళ్లు తక్కువ. పల్లె విడిచి అక్కడికి చేరిన బీద విద్యార్థికి చదువుకన్నా తిండే పెద్ద చిక్కు. దానికి సంఘం చూపిన దారి వారాలు చేసుకోవడం. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, ఇలా వారం పొడుగునా ఇళ్లు కుదుర్చుకుని కుర్రాడు చదువు సాగించేవాడు. ఆ ఇల్లాలి దయ మీద, ఇంటి ఆచారం మీద, అన్నిటికన్నా కులం మీద ఆధారపడిన ఏర్పాటు ఇది. ఎక్కువగా బ్రాహ్మణ బాలురకే అక్కరకొచ్చింది. తర్వాత మిగతా కులాలవారు తమ పిల్లల కోసం హాస్టళ్లు పెట్టుకున్నారు. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. ఆడపిల్లలకు, అంటరానివారుగా చూసిన కులాల పిల్లలకు వారాల పద్ధతిలో చోటే లేదు. సొంత ఊళ్లో బడికెళ్లే పేద పిల్లల సంగతి మరొకటి. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తేవారు. ఇంట్లో ఏమీ లేకపోతే ఆ పూట మళ్లీ బడి ముఖం చూసేవారు కాదు.

బడే భోజనం పెట్టాలన్న ఆలోచనను ఒక స్థానిక సంస్థ తీర్మానంగా మార్చిన తొలి సందర్భాల్లో మద్రాసుది ఒకటి. నగర కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ శెట్టి, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు, తెలుగు మాట్లాడే దేవాంగ నేతకుటుంబంలో పుట్టినవాడు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు రోజుకు తలా ఒక అణా మించకుండా ఫలహారం పెట్టే ప్రతిపాదనను కార్పొరేషన్ 1920 సెప్టెంబరులో ఆమోదించింది. పిల్లలు బీదవారు కావడంతో బడిలో హాజరు నిలవడం లేదన్నది అప్పుడు చెప్పిన కారణం. తర్వాత పథకం మరో నాలుగు బళ్లకు పాకింది, చేరే పిల్లల సంఖ్యా పెరిగింది. ఆగిపోయింది మాత్రం లెక్కల దగ్గర. ప్రాథమిక విద్యానిధి నుంచి తిండికి ఖర్చు పెట్టడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925 ఏప్రిల్‌లో ఇది నిలిచిపోయింది. పిల్లవాడి తిండి చదువు ఖర్చా, దానధర్మమా అన్న తగవు అక్కడ మొదలై, మరో మూడు పాతికల ఏళ్లు తెగలేదు.

కామరాజ్ ప్రభుత్వం 1956లో మద్రాసు రాష్ట్రమంతటా మధ్యాహ్న భోజనం తెచ్చేనాటికి తెలుగు జిల్లాలు ఆ రాష్ట్రంలో లేవు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1నే విడిపోయింది. ఒక తెలుగువాడి తీర్మానంతో పుట్టిన పద్ధతి పెరిగి పెద్దదయ్యే వేళకు తెలుగు బడి దానికి దూరమైంది.

తెలుగు బళ్లలోకి తర్వాత వచ్చినది అమెరికా తిండి. ఆ దేశంలో రైతుల దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని విదేశాలకు పంపేందుకు 1954లో పి.ఎల్. 480 చట్టం చేశారు. 1960లలో కేర్ సంస్థ ద్వారా పాలపొడి, గోధుమరవ్వ, మొక్కజొన్న సోయా పిండి మన బళ్లకూ చేరాయి. నీళ్లలో కలిపిన పాలు, రవ్వ ఉప్మా ఆ తరానికి గుర్తున్న బడి రుచులు. వరి, జొన్న, రాగి తిని పెరిగే పిల్లలకు ఏం కావాలన్నది ఈ పళ్లెంలో లెక్కకు రాలేదు. ఎక్కడో గోదాములో ఏం మిగిలిందన్నదే లెక్కకు వచ్చింది. ఆ రోజుల్లో అదైనా దొరకడం చిన్న విషయం కాదు.

తమిళనాడులో ఎం.జి. రామచంద్రన్ 1982లో పోషకాహార పథకంగా భోజనాన్ని విస్తరించి, దానిని బడి దినచర్యలో భాగం చేశారు. ఇక్కడ ఎన్టీ రామారావు 1983లో ఎంచుకున్న దారి కిలో రెండు రూపాయల బియ్యం. అది కుటుంబానికి అందే అన్నం, బడితో సంబంధం లేనిది.

దేశవ్యాప్త పథకం 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు. మొదట 2,408 బ్లాకుల్లో మొదలై, మూడేళ్లు తిరక్కుండా దేశమంతటికీ చేరింది. కాగితం మీద అది వండిన భోజనమే. చాలా రాష్ట్రాల్లో, ఆంధ్రప్రదేశ్‌లో కూడా, హాజరు 80 శాతం ఉన్న పిల్లవాడికి నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి సరిపెట్టారు. ఆ మూడు కిలోలు ఇంటి ఎసట్లో కలిసిపోయేవి. మధ్యాహ్నం బడిలో పిల్లవాడి కడుపు మాత్రం మునుపటిలాగే ఉండేది.

దీన్ని మార్చింది రాజస్థాన్ కరువు. భారత ఆహార సంస్థ గోదాముల్లో అయిదు కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతుంటే ఊళ్లలో జనం పస్తులుంటున్నారని, 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న వెలువడిన ఉత్తర్వు పొడి గింజల పద్ధతికి స్వస్తి చెప్పమంది. ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో కనీసం 300 కెలోరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉన్న వండిన భోజనం, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలన్నది ఆదేశం. గోదాము కథ ఇక్కడా ఉంది. కాకపోతే ఈసారి మిగులు ధాన్యం దయగా కాక హక్కుగా కదిలింది.

ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలో వంట మొదలుపెట్టింది. వంట బాధ్యతను ఎక్కువ ఊళ్లలో డ్వాక్రా మహిళా సంఘాలకు అప్పగించారు. బియ్యం ప్రభుత్వానివి, పప్పు, నూనె, కూరగాయలు, కట్టెలు వంట చేసేవాళ్లు తెచ్చుకోవాలి. వంట ఖర్చుకు కేంద్రం 2004లో ఇచ్చింది పిల్లవాడికి రోజుకు ఒక్క రూపాయి. చాలాచోట్ల వంటగది లేదు. వరండా చివరో, చెట్టు కిందో మూడు రాళ్ల పొయ్యి వెలిగేది. బిల్లు వచ్చేదాకా కిరాణా కొట్లో ఖాతా. ఆలస్యమైతే చారు పలచబడేది.

వంట ఎవరు చేయాలన్నది పప్పు చిక్కదనం కన్నా పెద్ద గొడవ. దళిత స్త్రీ వండిన అన్నం తమ పిల్లలు తినరని కొందరు తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు వంటవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. వారాల ఇళ్లలో గడప దాటలేని కులాల స్త్రీలే ఊరి పిల్లలందరికీ గరిటె తిప్పడం, ఆ పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తినడం ఈ పథకంతో వచ్చిన అతి పెద్ద మార్పు. అన్నిచోట్లా అది సజావుగా జరిగిందని మాత్రం చెప్పలేం.

నగరాల్లో పద్ధతి వేరు. హైదరాబాదులో నాంది ఫౌండేషన్, తర్వాత అక్షయపాత్ర వంటి సంస్థలు ఒకే పెద్ద వంటశాలలో వండి బళ్లకు వాహనాల్లో పంపాయి. శుభ్రత, కొలత కచ్చితంగా ఉంటాయి. ఊరి స్త్రీకి దొరికే పని మాత్రం అందులో ఉండదు.

ప్రమాణాలు క్రమంగా పెరిగాయి. 2006లో ప్రాథమిక తరగతులకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అన్నారు. తర్వాత ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 700 కెలోరీలు, 20 గ్రాములతో విస్తరించారు. తొమ్మిది, పది తరగతులకు ఆంధ్రప్రదేశ్ సొంత ఖర్చుతో పెట్టింది. 2013 ఆహార భద్రతా చట్టంతో ఇది చట్టబద్ధమైన హక్కయింది. అదే ఏడాది జులైలో బిహార్‌లోని గండామన్‌లో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నియమానికి గట్టితనం వచ్చింది ఆ తర్వాతే.

కేంద్రం ప్రమాణంలో లేనిది, తెలుగు పిల్లలకు ఇష్టమైనది కోడిగుడ్డు. బియ్యంలా అది గోదాములో నిల్వ ఉండేది కాదు. పూర్తిగా రాష్ట్రాల ఖర్చు. మొదట వారానికి రెండు ఉండేవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మెనూ మార్చినప్పుడు గుడ్డు వారానికి అయిదు రోజులయింది, మూడు రోజులు వేరుశనగ చిక్కీ చేరింది. 2023లో రాగిజావ వచ్చింది. అరవై ఏళ్ల కిందట అమెరికా రవ్వ ఆక్రమించిన చోటికి రాయలసీమ గింజ చేరడానికి ఇంత కాలం పట్టింది. తెలంగాణలో 2015 జనవరి నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. రేషన్ బియ్యపు ముద్ద అన్నం పిల్లలు పారేయడం అక్కడ ఒక కారణం. ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్య ప్రభుత్వంతో పాటు పథకం పేరు కూడా మారుతూ వచ్చింది; ప్రస్తుతం అది కోనసీమలో అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు మీద ఉంది.

పేర్లు, మెనూలు మారినంత వేగంగా వంటవారి జీతం మారలేదు. 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవవేతనం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. ఆంధ్రప్రదేశ్ 2019లో దానిని 3,000 చేసింది. అదనపు భారం రాష్ట్రానిదే. కేంద్రం ప్రమాణం ఆ వెయ్యి దగ్గరే ఆగింది.