దక్కన్‌లో అశ్వశాస్త్రం: గుర్రం బెదురు

బహమనీల కాలంలో మెదకు సీమ వారి ఏలుబడిలో వుండేది. వారి అశ్వదళానికి మేలుజాతి గుర్రాలు అరబ్బు దేశాల నుండి ఓడలమీద వచ్చేవి. 1470 ప్రాంతంలో రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ సైతం ఒక గుర్రాన్ని సముద్రం దాటించి తెచ్చి బీదరులో అమ్మాడు. అంతకు ముందే, సుల్తాన్ అహ్మద్ షా వలీ (1422–1436) ఆదరణలో అబ్దుల్లా బిన్ సఫీ సంస్కృత శాలిహోత్రాన్ని పారశీకంలోకి అనువదించాడు. అంత ఖరీదైన జంతువు స్వభావం తెలుసుకోవడం రాజ్యానికి అవసరమయింది.

యుద్ధాలలో ఎంత పేరు పొందినా, గుర్రం క్రూరమృగాల నుండి పరుగుతో ప్రాణం దక్కించుకొనే జీవి. కళ్ళు తలకు ఇరుప్రక్కల వుండటం వలన దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కాని సరిగ్గా నుదుటి ముందు, తోక వెనుక వున్నది దానికి కనబడదు. చెవులను వేర్వేరు దిక్కులకు త్రిప్పి, మనిషికి అందని సన్నని ధ్వనులను కూడ వింటుంది. నర్సాపూర్ అడవి వంటి చోట పొద కదిలితే ముందు పరుగు తీస్తుంది. ఆ తరువాతే ఆగి చూస్తుంది.

ఈ బెదురును మొండితనమనుకొని కొరడా ఝళిపిస్తే భయం రెట్టింపవుతుంది. పశువును ముఖంపై కొట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించినట్లు సహీహ్ ముస్లింలో వుంది. రణరంగంలో గుర్రం నిలిచిందంటే, భయపడుతూనే రౌతును నమ్మి నిలిచిందన్నమాట. ఆ నమ్మకాన్ని కాపాడటం రౌతు బాధ్యత.